పక్షవాతం తర్వాత మతిమరుపు: మెదడు పరీక్ష జిల్లాలకూ రావాలి



పక్షవాతం వచ్చిన మనిషికి చెయ్యీ కాలూ ఆడితే చాలు, గండం గడిచిందనుకుంటాం. తర్వాత ఆలోచన మందగించినా, ఏ పనీ మొదలుపెట్టలేకపోయినా వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాం. మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే వాస్క్యులర్ డిమెన్షియా ఇలాగే ముదిరిపోతోంది. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఏదో ఒక రకం డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా.

మా పెదనాన్నకు పక్షవాతం వచ్చాక డాక్టర్లు మతిమరుపు పరీక్షలో 'వందలోంచి ఏడేడు తీసేస్తూ పోండి', 'ఈ బొమ్మ చూసి గీయండి' అన్నారు. ఆయన పలకా బలపం పట్టిన మనిషి కాదు. సంతలో ఎడ్ల బేరం మాత్రం నోటిలెక్కతోనే తేల్చేవారు. ఇప్పుడు గీయలేకపోయింది చదువు లేకనా, జబ్బు వల్లనా? ఆ మార్కులతో తేలలేదు.

ఇలాంటివారికి పీ300 పరీక్ష అక్కరకొస్తుంది. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. ఒకే రకం శబ్దం పదేపదే వినిపిస్తూ, నడుమ ఎప్పుడో ఒక వేరే శబ్దం వస్తుంది. అది వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. రాయడం, చదవడం అక్కర్లేదు. ఆ తేడాను మెదడు పసిగట్టినప్పుడు సుమారు 300 మిల్లీసెకన్లకు ఒక విద్యుత్ తరంగం లేస్తుంది. శామ్యూల్ సటన్ బృందం 1965లో దీన్ని వెల్లడించింది. డిమెన్షియా ఉన్నవారిలో ఈ తరంగం సాధారణంగా ఆలస్యమవుతుంది.

అయితే ఈ ఒక్క పరీక్షతో జబ్బును నిర్ధారించకూడదు. వయసు పెరిగినా తరంగం ఆలస్యమవుతుంది, ఆల్జీమర్స్‌లోనూ అంతే. రక్తనాళాల దెబ్బ తెలియాలంటే సీటీ గానీ ఎమ్మారై గానీ తీయాల్సిందే. వినికిడి ముందే చూడాలి. మన ప్రాంతపు ఆరోగ్యవంతుల్లో ఏ వయసుకు ఎంత సమయం మామూలో కొలిచిపెట్టుకోవాలి.

పిల్లల వినికిడికి బేరా పరీక్ష చేసే యంత్రాలు చాలావాటిలో పీ300కూ వీలుంటుంది. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు నా విన్నపం: జిల్లా ఆసుపత్రుల్లో టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వండి. పక్షవాతం నుంచి కోలుకున్నవారికి, ముఖ్యంగా చదువురానివారికి, మిగతా పరీక్షలతోపాటు దీన్నీ చేయించండి. లోపం ముందే తెలిస్తే బీపీ, షుగర్ అదుపు చేసి ఇంకో పక్షవాతం రాకుండా కాచుకోవచ్చు. పోయిన తెలివిని మందులు తిరిగి తేలేవు, ఉన్నదాన్ని కాపాడే అవకాశమైనా పేదవాడికి దక్కాలి.

— ఒక పాఠకుడు, విజయనగరం