ధమని బిరుసెక్కక ముందే



జబ్బుపడిన వారిని పలకరించడానికి వెళ్తే తరచూ వినిపించే మాట ఒకటుంది: "షుగర్ కొంచెమే అయ్యగారూ, బాధేమీ లేదు." ఆ బాధ లేకపోవడమే ప్రమాదం. ఏ నొప్పీ తెలియక ముందే ధమనులు బిరుసెక్కడం మొదలవుతుంది.

ఆరోగ్యమైన ధమని కొత్త రబ్బరు గొట్టం లాంటిది. గుండె రక్తాన్ని నెట్టినప్పుడల్లా సాగి, ఆ తాకిడిని తనలో ఇముడ్చుకొని, మళ్ళీ ముడుచుకుంటుంది. రక్తంలో గ్లూకోజ్ చాలా కాలం ఎక్కువగా ఉంటే, అది నాళాల గోడల్లోని కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రోటీన్లకు అంటుకొని, పోగుకూ పోగుకూ ముడి వేస్తుంది. నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ కూడా తగ్గుతుంది. అప్పుడు ధమని ఎండకు ఎండిన గొట్టంలా తయారవుతుంది. బీపీలో పై అంకె పెరుగుతుంది, గుండెకు శ్రమ ఎక్కువవుతుంది. మెదడులో, మూత్రపిండాల్లో ఉన్న సన్నని నాళాలకు ప్రతి నాడీ దెబ్బా నేరుగా తగులుతుంది.

ఇది షుగర్ వ్యాధి అని తేలిన తర్వాతే మొదలయ్యేది కాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 నుండి 6.4 వరకు వస్తే ప్రీడయాబెటిస్ అంటారు. ఆ దశలోని వారిలోనూ ధమనులు గట్టిపడటాన్ని పరిశోధకులు గమనించారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10.1 కోట్లు, ప్రీడయాబెటిస్ దశలో ఉన్నవారు సుమారు 13.6 కోట్లు. యానాం భాగమైన పుదుచ్చేరిలో షుగర్ వ్యాధి నూటికి 26 మందికి పైగా ఉంది.

ఇది డబ్బున్నవారి జబ్బు అన్న కాలం పోయింది. మూడు పూటలా తెల్లన్నంతోనే కడుపు నింపుకోవలసిన కూలి మనిషిని "పథ్యం చేయలేదు" అని నిందించడం న్యాయమేనా? రక్తపరీక్ష కోసం ఒక రోజు కూలి వదులుకోవలసిన తల్లికి కాలి పుండు మానకపోయినప్పుడే జబ్బు సంగతి తెలుస్తోంది. అప్పటికి నాళాలకు జరిగిన నష్టంలో చాలా భాగం తిరిగి రాదు.

అయితే దారి మూసుకుపోలేదు. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ పరీక్షలు ఉచితంగా చేయాలన్నది జాతీయ కార్యక్రమం. మనం కర్ణాటకలో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, మహారాష్ట్రలో ఉన్నా అది మనకూ వర్తిస్తుంది. అడగడానికి సంకోచించకండి, అది మన హక్కు. చెన్నైలోని పరిశోధకులు 2006లో ప్రకటించిన ఫలితాలలో, రోజూ అరగంట నడక, ఆహారంలో మార్పు వల్ల ప్రీడయాబెటిస్ వారికి షుగర్ వ్యాధి వచ్చే అవకాశం నాలుగో వంతుకు పైగా తగ్గింది.

యువతీ యువకులారా, ఈ నెలలోనే మీ అమ్మానాన్నలను, పొరుగింటి పెద్దవారిని పరీక్షకు తీసుకువెళ్ళండి. షుగర్‌తో పాటు బీపీ కూడా చూపించండి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు డాక్టరును అడగకుండా మానకుండా చూడండి. పరీక్షలు చేసే కిట్లు లేవని వెనక్కి పంపితే, నలుగురు కలిసి వెళ్ళి వినతిపత్రం ఇవ్వండి. ఒంటరిగా అడిగితే వినని చోట, కలిసి అడిగితే వింటారు.