చదువుకునే పిల్లకు రాజకీయాలెందుకని అడిగేటోళ్లకు

కట్టంగూరు చుట్టుపక్కల మాల మాదిగ వాడల నుంచి ఆడపిల్లలు నకిరేకల్‌కు, నల్లగొండకు కాలేజీలకు పోతున్నరు. అందరికీ సంతోషమే. కానీ వాళ్లల్ల ఒక పిల్ల సెలవునాడు పదిమందిని చెట్టు కింద కూసోబెట్టి గ్రామసభ అంటే ఏంది, ఓటర్ల లిస్టుల పేరు ఎట్ల ఎక్కుతది అని చెప్పబోతే ఊరు ఉలిక్కిపడుతది. "చదువుకునే పిల్లకు రాజకీయాలెందుకు?" ఊరి పెద్దలంటే అర్థం చేసుకుంటం. మన వాడ పెద్దమనుషులు కూడా గదే పాట పాడుతున్నరు.

రాజకీయం అంత చెడ్డదైతే దొరల కొడుకులు ఎందుకు విడవరు? వాళ్లిండ్లల్ల అన్నం తినేకాడనే ఆ పాఠం నడుస్తది. ఏ ఆఫీసుల ఎవరిని పట్టుకోవాలెనో పిల్లలు వింటనే పెరుగుతరు. మన ఇండ్లల్ల ఆ పాఠం లేదు. అందుకే మన పిల్ల చెట్టు కింద చెప్పాల్సొస్తున్నది.

నకిరేకల్ 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. సీటు మనది, బీ ఫారం ఇచ్చే చెయ్యి మనది కాదు. పంచాయతీలల్ల సగం సీట్లు ఆడోళ్లకని చట్టమున్నది. కుర్చీల మన చెల్లె కూసుంటది, మాట్లాడేది మాత్రం ఆమె మొగడో, ఆయన ఎనకాల ఉన్న పటేలో. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలన్నది. ఎన్ని ఊర్లల్ల సంతకాల రిజిస్టరే ఇంటింటికి తిరుగుతున్నది! సభ మాత్రం కానరాదు.

కారంచేడుల 1985ల మనోళ్ల నెత్తురు పారింది. 1989ల అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు మనకందరికీ తెల్సు, లోపలున్నది ఎందరికి తెల్సు? కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలె. 2018 సవరణ తర్వాత ఎఫ్ఐఆర్ రాసేముందు ప్రాథమిక విచారణ అక్కరలేదు. ఎఫ్ఐఆర్ నకలు పైసలు లేకుండ ఇయ్యాలె. ఈ మూడు ముక్కలు తెలిసిన పిల్ల ఒక్కతి ఠాణాకు ఎంట వస్తే "ఎంక్వైరీ చేసి చూస్తం, పోండ్రి" అనే మాట అంత సులువుగ రాదు. రాజీ చేసి కమీషన్ తినే పెద్దమనిషికి ఆ పిల్ల ఎందుకు గిట్టదో ఇప్పుడు సమజైందా?

మాదిగల సాటి కులమైన మాంగు కులపు పిల్ల ముక్తాబాయి పుణెల ఫూలే దంపతుల బడిల చదువుకుంటనే 1855ల మాంగు, మహార్ల బాధల మీద జ్ఞానోదయ పత్రికకు వ్యాసం రాసింది. చదువైనంక మాట్లాడుదమని ఆగలే. మన దగ్గర ఈశ్వరీబాయి సికింద్రాబాదుల పంతులమ్మగ బతుకు మొదలువెట్టి, 1951ల చిలకలగూడ నుంచి కౌన్సిలరై, 1967ల రిపబ్లికన్ పార్టీ మీద ఎల్లారెడ్డి ఎమ్మెల్యే అయ్యింది. ఆమె బొమ్మకు దండేసే నాయకులే ఇయ్యాల మన పిల్లను ఇంట్ల కూసోమంటున్నరు.

విద్యార్థి సంఘాలకూ ఒక మాట. ఊరేగింపుల ముందల బ్యానర్ పట్టుకునేతందుకు ఆడపిల్ల కావాలె, కమిటీల పేర్లు రాసేనాడు యాదికి రాదు. గిదేం న్యాయం?

తల్లులారా, వచ్చే గ్రామసభ ఏనాడో పంచాయతీ కార్యదర్శిని అడగండి. కూలి ఒకపూట పోయినా సరే, పోండి. కిందటి సభ తీర్మానాల పుస్తకం చదివి వినిపియ్యమనండి. ఒక లైను ఇడిసిపెట్టి చదివితే పట్టుకునేతందుకు ఆ పిల్లను పక్కన నిలబెట్టుకోండి.