చక్కెర కొలతకు భీమా యేల యుండరాదు?

మన అనంతపురపు మెట్టభూములలో భీమా యను మాట యెరుగని యిల్లు లేదు. వేరుశెనగ విత్తిన రైతు వానకంటె ముందుగా పంటభీమాను గూర్చి విచారించును. ఊడలు దిగక, కాయ ఊరక, చేను ఎండిపోయిన పిమ్మట లెక్కలు కట్టుదురు; పిదప ఎప్పుడో పరిహారము వచ్చును, కొన్ని యేండ్లు రాకయు పోవును. ఆ సొమ్ము రైతును కొంత ఆదుకొనునే గాని ఎండిన చేనిని పచ్చబరుపదు. మనదేశమున వైద్యభీమాయు నిట్టిదిగనే యున్నది. ఒక్క వ్యాధి విషయముననైనను ఈ పద్ధతి మారవలెనని మేము కోరుచున్నాము.

ఆ వ్యాధి టైపు ఒకటి మధుమేహము. పెద్దలకు సామాన్యముగా వచ్చు చక్కెర జబ్బు వేరు, ఇది వేరు. దేహమును రక్షింపవలసిన కణములే పొరబడి, క్లోమమునందు ఇన్సులిన్‌ను పుట్టించు కణములను నాశనము చేయుటచే ఇది కలుగును. తరచుగా బాల్యముననే బయటపడును. తీపి యెక్కువ తినుటవలన గాని తల్లి యజాగ్రత్తవలన గాని ఇది రాదు. ఈ సంగతి యిండ్లలోని పెద్దవారు ముఖ్యముగా తెలిసికొనవలెను, ఏలయన బిడ్డకు జబ్బు చేసినప్పుడు కోడలిని నిందించుట మనలో మిక్కిలి సులభము.

1921వ సంవత్సరమున టొరంటో నగరమందు బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులిన్‌ను కనుగొనిరి. మరుసటి జనవరిలో లియొనార్డు థాంప్సను అను పదునాలుగేండ్ల బాలునికి అది మొదట ఇయ్యబడెను. అంతకు పూర్వము ఈ వ్యాధి సోకిన బిడ్డలు అన్నము తగ్గించుకొని తగ్గించుకొని, ఎముకలగూడులై, కొద్దికాలములోనే కన్నుమూయుచుండిరి. కనుగొన్నవారు తమ హక్కును తలకొక డాలరునకే విశ్వవిద్యాలయమునకు వదలుకొనిరి.

మందు దొరకినది గాని, దాని మోతాదే గొప్ప చిక్కు. తక్కువైనచో రక్తమున చక్కెర పెరిగి, ఆమ్లములు చేరి, బిడ్డ స్పృహ తప్పును. ఎక్కువైనచో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడి, అప్పుడును స్పృహ తప్పును. తినిన అన్నము, ఆడిన ఆట, వచ్చిన జ్వరము, ఇన్నింటిని బట్టి లెక్క మారుచుండును. సాయంకాలము కబడ్డి గట్టిగా ఆడిన బాలునికి అర్ధరాత్రి దాటిన పిదప నిద్రలో చక్కెర దిగిపోవచ్చును. అందుచేత ఇట్టి బిడ్డలు గల యిండ్లలో తల్లి రాత్రి రెండు గంటలకు లేచి దీపము పెట్టి, నిదురించు బిడ్డ వేలు పొడిచి రక్తపుబొట్టు చూచును. ఒకనాడు కాదు, ఏండ్లకేండ్లు.

వ్రేలిపోటుచే దినమునకు నాలుగైదుసార్లు మాత్రమే తెలియును. నడుమ నేమి జరిగినదో దైవమున కెరుక. ఇప్పుడు వచ్చిన యంత్రము దండచేతి వెనుక నాణెమంత బిళ్లవలె అతుకుకొని యుండును. దానినుండి వెండ్రుకవంటి సన్నని తీగ చర్మము క్రిందకు పోయి, కణముల నడుమనున్న ద్రవమందలి చక్కెరను కొన్ని నిమిషముల కొకసారి కొలుచుచుండును. అంకె యొక్కటే గాక, ఎక్కుచున్నదో దిగుచున్నదో బాణపుగుర్తుచే చూపును. చక్కెర 70కి దిగువకు పోవునప్పుడు గంట మ్రోగు రకములును కలవు. రక్తపు కొలతకంటె ఇది కొన్ని నిమిషములు వెనుకబడి యుండును గనుక వ్రేలిపోటు పూర్తిగా తప్పిపోదు.

ఈ జిల్లా రైతులకు ఇది క్రొత్త విషయము గాదు. 2003 మొదలు కొన్నియేండ్లు అనంతపురముతో గూడ ఏడు కరవు జిల్లాలలో రైతులే తమ బావుల నీటిమట్టములను కొలిచి, పుస్తకమున వ్రాసికొని, ఉన్న నీటినిబట్టి పైరు నేర్పరచుకొను ఏర్పాటు జరిగెను. బోరు ఎండిన పిదప తెలిసికొనుటకును, ఎండకమునుపు తెలిసికొనుటకును గల భేదము వారిని అడుగుడు.

ఇక వెల మాట. ఒక్కొక్క బిళ్ల సామాన్యముగా పదునాలుగు దినములు పనిచేయును. వెల నాలుగైదు వేల రూపాయల ప్రాంతమున నున్నది. సంవత్సరమునకు ఇరువదియారు కావలెను. అనగా లక్షకు పైమాట. కూలి కుటుంబమునకు సరే, బడిపంతులుకైనను ఇది మోయరాని బరువే.

దీనికి భీమా యేది? 2007 ఏప్రిలు 1వ తేదీన ఆరోగ్యశ్రీ మొదట ఆరంభింపబడిన మూడు జిల్లాలలో మన అనంతపుర మొకటి. నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరుతో నడచుచున్న ఈ పథకము వేలకొలది ప్రాణములను కాపాడినది. దానిని మేము తక్కువచేయము. 2018లో వచ్చిన కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ పథకము కుటుంబమునకు ఏటేట ఐదు లక్షలవరకు ఇచ్చును. కాని యీ రెంటికిని ఆసుపత్రి మంచమే ప్రధానము. బిడ్డ స్పృహ తప్పి చేరినచో చెల్లింపు కలదు. స్పృహ తప్పకుండ కాపాడు బిళ్లకు లేదు. ప్రైవేటు భీమాసంస్థలలో పెక్కు ఈ వ్యాధి పేరు వినగానే పాలసీ యిచ్చుటకే వెనుకాడును. ఇచ్చినను, ముందే యున్న జబ్బునకు మూడేండ్లవరకు వేచియుండు నిబంధన పెట్టవచ్చును.

ఇచ్చట నొక లెక్కను పాఠకుల ముందుంచుచున్నాము. మన రాష్ట్రమున డయాలిసిస్ చేయించుకొను రోగులకు 2019 నుండి నెలకు 10,000 రూపాయల పింఛను ఇయ్యబడుచున్నది. అది న్యాయమే, ఒక్క రూపాయి తగ్గింపుమని మేము కోరము. అయితే మూత్రపిండములు చెడుటకు మధుమేహము ముఖ్యకారణములలో నొకటి. అమెరికాలో 1,441 మంది టైపు ఒకటి రోగులపై జరిగి 1993లో వెల్లడియైన పరిశోధన, చక్కెరను జాగ్రత్తగా అదుపున నుంచినచో కంటిజబ్బు నూటికి 76 వంతులును, మూత్రపిండముల జబ్బు సగమును తగ్గునని తేల్చినది. నెలకు రెండు బిళ్లల వెల ఎంత? ఎనిమిది మొదలు పదివేలు. మూత్రపిండము పోయిన పిదప ఇచ్చుచున్న మొత్తమే ఇంచుమించు పోకమునుపు కాపాడుటకును చాలును.

దీనికి గట్టి ఆక్షేపణ యొకటి కలదు. ఒక్క బిడ్డ బిళ్లలకగు లక్షతో పలువురు బిడ్డలకు ఇన్సులిన్, సూదులు, పరీక్షపట్టీలు కొనవచ్చును గదా? నిజమే. వేసవిలో మందు చల్లగా నుంచుటకు తడిమట్టి కుండయే గతియైన యిండ్లున్న చోట ఈ మాటను త్రోసివేయరాదు. కావున మొదట ప్రతి బిడ్డకును ఇన్సులిన్, పట్టీలు లోపములేక అందవలెను. పిదప పదునెనిమిదేండ్లలోపు వారికిని, చక్కెర పడిపోవునప్పుడు ముందుగుర్తులు తెలియనివారికిని ఈ యంత్రము రావలెను. వెంట నేర్పువారును కావలెను. బాణపుగుర్తు చూచి ఏమి చేయవలెనో తెలియనిచో యంత్రము అలంకారమే. ఇంటికొక్కటే ఫోను ఉండి అది తండ్రితో చేనికి పోవుచో గంట ఎవరికి వినబడును? కావున చదువుయంత్రమును గూడ ఇయ్యవలెను.

ఇది గొంతెమ్మకోరిక కాదు. ఇంగ్లండులో 2022 మార్చి నుండి టైపు ఒకటి పెద్దలందరికిని దీనిని ఇవ్వజూపవలెనని వైద్యప్రమాణ సంస్థ నిర్ణయించినది. అంత దూరమేల? మన పొరుగుననే కేరళప్రభుత్వము 2018 నుండి మిఠాయి యను ముద్దుపేరు గల పథకముచే ఈ వ్యాధి గల బిడ్డలకు సహాయము చేయుచున్నది. పుట్టపర్తిలోనే 1991 నవంబరు 22న తెరువబడిన పెద్దాసుపత్రియందు గుండెకు శస్త్రచికిత్స చేసి రోగిని సొమ్మడుగకుండ పంపుచున్నారు. మన ఊరివారికి ఇట్టి పని అసాధ్యమని తోచనక్కరలేదు.

పాఠశాలలకును ఇందు కొంత పని కలదు. 2017లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన పరీక్షలలో ఈ బిడ్డలు చక్కెరబిళ్లలు, పండు, నీరు లోనికి తెచ్చుకొనవచ్చునని అనుమతించెను. 2023లో జాతీయ బాలలహక్కుల సంఘము కొలతయంత్రములను గూడ పరీక్షాశాలలో ఉంచుకొననిండని రాష్ట్రములకు వ్రాసెను. చేతిమీద బిళ్లను చూచి కాపీకొట్టు సాధనమని పెరికివేయు పరిశీలకుడు ఎక్కడను లేకుండుగాక!

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. ఆసుపత్రి చీటీలు, పట్టీల రసీదులు, బిడ్డ స్పృహ తప్పిన తేదీలు పారవేయక ఒక పుస్తకమున ఉంచుడు. 2022 ఏప్రిలు 4 నుండి జిల్లా కచ్చేరి పుట్టపర్తిలోనే యున్నది. సోమవారములందు అచ్చట ప్రజల అర్జీలు పుచ్చుకొందురు. నలుగురైదుగురు తల్లులు కలిసి ఆ పుస్తకములు చేతబట్టుకొని పోయినచో, అర్జీ వ్రాసిపెట్టుటకు మన ఉపాధ్యాయులలో కొందరు సిద్ధముగా నున్నారు.