గుడ్డు ముందు, డబ్బా తరువాత

మన బస్తీలలో వ్యాయామశాలలు వీధికొకటి వెలిశాయి. పిల్లలు గుట్కా మాని అక్కడికి పోతున్నారంటే మాకు సంతోషమే. మా అభ్యంతరమంతా అక్కడి అద్దాల బీరువాలలో వరుస తీరిన ప్రొటీన్ పౌడర్ డబ్బాల మీద. తండ్రి ఆటో నడిపి, తల్లి కుట్టుమిషన్ తొక్కి తెచ్చిన డబ్బులో వేల రూపాయలు వాటికి పోతున్నాయి. అది తాగనిదే కండ పట్టదని శిక్షకుడు చెప్పాడట. డబ్బాకు తనకెంత మిగులుతుందో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

ఏళ్ల తరబడి దస్త్రాలు రాసినవారం గనుక లెక్క లేని మాట మాకు రుచించదు. కఠోర సాధన చేసేవారికి దేహపు బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు కావాలని నిపుణుల మాట. 60 కిలోల కుర్రవానికి కనీసం 72 గ్రాములు. గుడ్డుకు సుమారు 6 గ్రాములు. రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, గ్లాసెడు పాలు, గుప్పెడు శనగలు, ఒక పూట మాంసం, వాటితో అన్నమో రొట్టెలో ఉంటే ఆ లెక్క తీరిపోతుంది.

డబ్బాలో ఏముందో ఎవరు చూశారు? జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాలలో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 94 నమూనాలలో లేబులుపై లేని స్టెరాయిడ్లు బయటపడ్డాయి. డోపింగ్ పరీక్షలో దొరికినదానికి క్రీడాకారుడే బాధ్యుడు, తెలియక తాగానన్నంత మాత్రాన ఉల్లంఘన కాకుండా పోదు. ఇక గుళికల పైపొర జెలటిన్ ఏ జంతువుదని అడిగేవారు మన ఇళ్లలోనే అరుదైపోయారు!

క్రియేటిన్, కెఫీన్ కొన్ని ఆటలకు కొంత ఉపకరిస్తాయి, కాదనము. కానీ రక్తమే చాలని దేహానికి అవి ఏం చేస్తాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు చాలినంత ప్రాణవాయువు అందదు. ఎంత సాధన చేసినా పిల్ల సగం పరుగులోనే ఆయాసపడుతుంది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023లలో బాక్సింగ్ ప్రపంచ విజేతగా నిలిచింది. ఆమె బొమ్మను గోడకు తగిలించిన ఇంట్లోనే మాంసం ముక్క ముందు కొడుకు పళ్లెంలో పడుతుంది, కూతురికి మిగిలితేనే. దీనిని మేము అన్యాయమనే అంటాము.

మైదానాల మాటా ఇంతే. చెమటతో బరువులో 2 శాతం నీరు పోతే సత్తువ తగ్గుతుంది. 60 కిలోలవానికి అది 1.2 లీటర్లే. అయినా ఎండలో ఆడే పిల్లలకు కుళాయి లేదు, చెట్టు నీడ లేదు. రంజాన్‌లో సాధనను ఇఫ్తార్ తరువాతికి జరపమంటే బద్ధకమని ముద్ర వేసే శిక్షకులూ ఉన్నారు.

కార్పొరేటరు ఓటుకు వచ్చినప్పుడు మైదానానికి కుళాయి, నీడ, ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక గంట అడగండి. ఈ వారంలోనే కూతురిని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. అక్కడ దానికి రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే తేదీ, వేళ రాసిపెట్టుకోండి. అర్జీ మేము రాసిపెడతాము.