భల్లూక దర్శనం

అడవిని చూడాలనే కోరిక మనిషికి కొత్తది కాదు. అడవిలోని మృగాన్ని చంపకుండా, పట్టి తేకుండా, ఊరక చూచి తిరిగి రావాలనే కోరిక మాత్రం కొత్తది. వేటకు వెళ్ళిన రాజుల కథలు ప్రతి భాషలోను ఉన్నాయి. చూపు కోసమే వెళ్ళినవారి కథలు బహుకొద్ది. అటువంటి యాత్రలలో మిక్కిలి ఆశ్చర్యం గొలిపేది గోధుమరంగు ఎలుగుబంట్లను చూడటానికి సాగే యాత్ర. అక్కడ గోడ లేదు, కందకం లేదు, వాహనపు తలుపు లేదు. ఒక మార్గదర్శి వెంట పదిమంది కాలినడకన వెళ్ళి, మూడు నాలుగు వందల కిలోల బరువు తూగే మృగాల సమీపంలో గంటల తరబడి కూర్చుని వస్తారు. ఇది సాహసమా, వెర్రియా, వివేకమా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఎవరి షరతులకు లోబడి వెళ్ళారన్న దానినిబట్టి ఆ మూడింటిలో ఏదైనా కావచ్చు.

తెలుగువారికి ఎలుగుబంటి అనగానే తోచేది పొడుగు మూతి, నల్లని జూలు, రొమ్ము మీద తెల్లని గుర్తు కలిగి, చెదపుట్టలు తవ్వుకొని తినే జంతువు. జాంబవంతుని పేరు విన్నప్పుడు కళ్ళముందు మెదిలేదీ అదే. గోధుమరంగు ఎలుగుబంటి వేరు. హిమాలయాలలో కొద్దిపాటిగాను, రష్యా, ఉత్తర అమెరికాలలో విస్తారంగాను ఉండే ఈ జాతికి భుజాల మీద కండతో నిండిన మూపురం ఉంటుంది. చలికాలమంతా ఏమీ తినకుండా గుహలో నిద్రావస్థలో గడిపి, మిగిలిన నెలలలో ఏడాదికి సరిపడే కొవ్వును అది కూడబెట్టుకోవాలి. పిల్లల తల్లి అయితే తన కోసమేగాక వాటి పాల కోసం కూడ కూడబెట్టాలి. దాని జీవితంలోని ప్రతి కదలిక వెనుక ఈ లెక్కే ఉంటుంది. చూడవచ్చిన మనిషి ఆ లెక్క తప్పేటట్లు చేశాడా లేదా అన్నదే ఈ యాత్రలకు గీటురాయి.

ఆ గీటురాయి మీద నిలిచిన చోటు ఒకటి ఉంది. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, ఆంకరేజ్ నగరానికి నైరుతి దిశగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో, మెక్‌నీల్ అనే చిన్న నది ప్రవహిస్తున్నది. సముద్రంలో కలియడానికి కొద్ది దూరం ముందు అది బండల మీదుగా మెట్లు మెట్లుగా దిగుతుంది. జులై, ఆగస్టు నెలలలో గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలకు ఆ మెట్లు అడ్డు నిలుస్తాయి. ఎగరలేక నీళ్ళలో గుమిగూడిన చేపల కోసం చుట్టుపక్కల కొండలలోని ఎలుగుబంట్లన్నీ అక్కడకు చేరుతాయి. స్వభావం చేత అవి ఒంటరి జీవులు. ఒకదాని నీడ మరొకదానికి గిట్టదు. అయినా ఆహారం అంత సమృద్ధిగా ఒక్కచోట దొరికినప్పుడు అవి తమ స్వభావాన్ని కొంత సడలించుకుంటాయి. ఒకే సమయంలో 70కి పైగా ఎలుగుబంట్లు ఆ జలపాతం దగ్గర కనిపించిన సందర్భాలున్నాయి. ఒక వేసవిలో మొత్తం 144 వేర్వేరు ఎలుగుబంట్లను అక్కడి ఉద్యోగులు గుర్తించారు.

ఆ గుంపులో ఒక మర్యాద ఉంది. చేపలు బాగా చిక్కే బండలు భారీకాయం గల మగవాటివి. పడుచువి అంచులలో నిలిచి వంతు కోసం ఎదురు చూస్తాయి. పిల్లల తల్లులు మగవాటికి దూరంగా తొలగి ఉంటాయి. ఎందుకంటే మగ ఎలుగుబంటి పరాయి పిల్లలను చంపడం ఈ జాతిలో అరుదు కాదు. చేపలు దండిగా ఉన్న రోజున కడుపునిండిన ఎలుగుబంటి చేప మొత్తం తినదు. గుడ్లు, మెదడు, చర్మం తిని మిగిలింది వదిలేస్తుంది. ఆ మిగులు కాకులకు, నక్కలకు, గద్దలకు, చివరకు ఒడ్డున ఉన్న చెట్టుచేమల వేళ్ళకు చేరుతుంది. దుబారా అనిపించే ఆ పని వల్లనే సముద్రపు సారం నేలకు అందుతున్నది.

ఈ దృశ్యం సంగతి లోకానికి తెలిసిన తరువాత ఛాయాచిత్రకారులు, చేపలు పట్టేవారు, వినోదయాత్రికులు ఇష్టం వచ్చినట్లు రావడం మొదలైంది. ఎలుగుబంట్లు తగ్గిపోయాయి. అలాస్కా శాసనసభ 1967లో ఆ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించినా మనుషుల తాకిడికి హద్దు ఏర్పడలేదు. 1973లో అనుమతి విధానం ప్రవేశపెట్టిన తరువాతనే పరిస్థితి మారింది. జూన్ 7 నుంచి ఆగస్టు 25 వరకు, రోజుకు 10 మందికి మించకుండా, సాయుధుడైన ప్రభుత్వ మార్గదర్శి వెంట మాత్రమే జలపాతం దగ్గరకు వెళ్ళాలి. ఆ 10 మందిని లాటరీ ద్వారా ఎంపిక చేస్తారు. ఈ విధానం వచ్చిన నాటి నుంచి అక్కడ ఎలుగుబంటి వల్ల ఒక్క యాత్రికుడు కూడ గాయపడలేదు. ఎలుగుబంట్ల సంఖ్య మాత్రం పెరిగింది. మనుషులను తగ్గించి మృగాలను పెంచిన ఈ లెక్క పర్యాటక శాఖలకు సులభంగా రుచించేది కాదు.

ఇక్కడ మార్గదర్శి చేసే పనిని సరిగా అర్థం చేసుకోవాలి. అతని చేతిలోని తుపాకిని చూచి అతను యాత్రికులకు అంగరక్షకుడని చాలామంది అనుకుంటారు. అది అసలు పనిలో అతి చిన్న భాగం. ప్రతి రోజు ఒకే బాటలో, ఒకే వేళకు, ఒకే పరిమాణంలో ఉన్న బృందాన్ని నడిపించి, జలపాతం దగ్గర ఒకే చోట కూర్చోబెట్టి, మళ్ళీ అదే బాటన తిరిగి తేవడం అతని ముఖ్యమైన పని. మనుషులు ఏమి చేస్తారో ఎలుగుబంటికి ముందుగా తెలిసి ఉండాలన్నదే దీని ఉద్దేశం. తెలిసినది భయపెట్టదు. 1976 నుంచి సుమారు మూడు దశాబ్దాలు అక్కడ పనిచేసిన ల్యారీ ఆమిల్లర్ ఈ పద్ధతికి రూపమిచ్చినవారిలో ప్రముఖుడు. ఒక్కొక్క ఎలుగుబంటిని దాని నడకనుబట్టి, మచ్చలనుబట్టి గుర్తించి, దాని ఓర్పు ఎంతవరకో తెలుసుకొని, ఆ ఓర్పు తీరేలోగా మనుషులనే వెనక్కు తగ్గించడం ఈ పద్ధతికి ప్రాణం. దారికి అడ్డంగా తల్లి ఎలుగుబంటి పడుకొని ఉంటే అది లేచేదాకా బృందం ఆగుతుంది. సెలవు పెట్టుకొని, డబ్బు వెచ్చించి, నీటి మీద వాలే చిన్న విమానంలో వచ్చిన మనిషి వానలో నిలబడి ఒక జంతువు నిద్రలేచే వేళ కోసం కాచుకుంటాడు. టిక్కెట్టు కొన్నవాడికి ఇంతకు మించిన విద్య మరొకటి లభించదేమో!

ఈ సందర్భంలో రెండు మాటలను వేరుచేసి చూడాలి: అలవాటు, ఆశ. మనిషి ఉనికిని పట్టించుకోకపోవడం ఎలుగుబంటికి అలవాటు కావచ్చు. మనిషి దగ్గర తిండి దొరుకుతుందనుకోవడం ఆశ. మొదటిది ఇరువురినీ కాపాడుతుంది. రెండవది ఇరువురినీ చంపుతుంది. అందుకే మెక్‌నీల్‌లో తిండి వాసన కూడ ఎలుగుబంటికి చేరనివ్వరు. వంట, భోజనం, సామగ్రి దాచుకోవడం అంతా ఒక కొయ్య ఇంటిలోనే జరగాలి.

ఈ తేడా తెలియడానికి అమెరికా పెద్ద మూల్యం చెల్లించింది. ఎల్లోస్టోన్ జాతీయవనంలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో హోటళ్ళ చెత్త పోసే దిబ్బల దగ్గర బల్లలు వేసి, సాయంవేళ చెత్త తినవచ్చే ఎలుగుబంట్లను యాత్రికులకు చూపించేవారు. గ్లేసియర్ జాతీయవనంలోని ఒక విడిదిలోనూ వంటింటి మిగుళ్ళు వెనుక పోసి, ఎలుగుబంట్లు వస్తే అతిథులు చూచి ఆనందించేవారు. 1967 ఆగస్టు 13 తెల్లవారుజామున ఆ వనంలో, ఒకదానికొకటి దూరంగా ఉన్న రెండు చోట్ల, రెండు వేర్వేరు ఎలుగుబంట్లు ఇద్దరు యువతులను చంపాయి. ఇద్దరికీ 19 ఏళ్ళే. ఒక దుర్ఘటన ఆ విడిదికి సమీపంలోనే జరిగింది. అంతవరకు వినోదంగా కనిపించిన విందు ఏమిటో ఆ రాత్రి తేలిపోయింది. అటు తరువాతనే వనాలలో చెత్తదిబ్బల మూసివేత వేగం పుంజుకుంది. 1996లో రష్యాలోని కమ్చట్కాలో కురీల్ సరస్సు దగ్గర సుప్రసిద్ధ జపాన్ ఛాయాచిత్రకారుడు మిచియో హోషినో గుడారంలో నిద్రిస్తూ ఎలుగుబంటికి బలి అయ్యాడు. అదీ మనుషుల తిండి మరిగిన ఎలుగుబంటేనని చెబుతారు. జీవితమంతా అడవికి మర్యాద చేసిన మనిషి, మరొకరు చేసిన అమర్యాదకు మూల్యం చెల్లించాడు.

భారతదేశంలోనూ ఈ ఆశ పెట్టే పద్ధతి లేకపోలేదు. కర్ణాటకలో హంపీకి చేరువనున్న దరోజీ అభయారణ్యంలో బండల మీద బెల్లం, తేనె వంటి తీపి పదార్థాల ముద్దను పూసి, నల్ల ఎలుగుబంట్లను రప్పించి, దూరాన ఉన్న గోపురం మీది నుంచి యాత్రికులకు చూపడం ఆనవాయితీ. దూరం పాటించడం మెచ్చదగినదే. కాని పిలిచి చూడటానికీ, దాని పని మీద అది వచ్చినపుడు చూడటానికీ చాలా అంతరం ఉంది.

మార్గదర్శి ఎందుకు, ప్రేమ చాలదా అని అడిగేవారికి తిమోతీ ట్రెడ్‌వెల్ జీవితం సమాధానం చెబుతుంది. మెక్‌నీల్‌కు పొరుగునే ఉన్న కత్మాయ్ జాతీయవనంలో అతను 13 వేసవులు ఎలుగుబంట్ల నడుమ గడిపాడు. వాటికి ముద్దుపేర్లు పెట్టాడు, వాటితో మాట్లాడాడు, వాటిని తానే కాపాడుతున్నానని నమ్మాడు. 2003 అక్టోబరులో అతనినీ, అతని సహచరినీ ఒక ఎలుగుబంటి చంపివేసింది. మృతదేహాల కోసం వెళ్ళిన అధికారులు రెండు ఎలుగుబంట్లను కాల్చవలసివచ్చింది. అతని ప్రేమ బూటకం కాదు. అతనికి తోడుగా లేనిది, 'ఇక చాలు, వెనక్కు రా' అని చెప్పే రెండవ మనిషి. సాల్మన్ రాక ముగిసి, ఆకలిగొన్న కొత్త ఎలుగుబంట్లు తిరిగే శరత్కాలంలో అతను అక్కడే ఉండిపోయాడు. మార్గదర్శి ఉన్న ఏ బృందమూ ఆ వేళకు ఆ చోట ఉండదు.

రోజుకు 10 మందే అయితే ఇది కొందరికే దక్కే భోగం కాదా అన్న ఆక్షేపణ ఉంది. అది కొట్టివేయదగినది కాదు. కత్మాయ్‌లోని బ్రూక్స్ జలపాతం దగ్గర మరో మార్గం తొక్కారు. నేలకు ఎత్తుగా కొయ్య వేదికలు కట్టి, వచ్చిన ప్రతివారికీ ముందుగా ఎలుగుబంట్ల మధ్య మెలగవలసిన తీరు నేర్పి, జలపాతం వేదిక మీదకు ఒక్కసారి 40 మందిని అనుమతిస్తారు. అక్కడ రద్దీ కనిపిస్తుంది, వరుసలు కనిపిస్తాయి. ఆ దృశ్యం అడవికంటే రంగస్థలాన్ని ఎక్కువగా తలపిస్తుంది. అయితే 2012 నుంచి అక్కడి కెమెరాలు ప్రత్యక్ష దృశ్యాలను అంతర్జాలంలో చూపుతున్నాయి. 2014లో మొదలైన 'లావైన ఎలుగుబంటి' ఎన్నికలో దేశదేశాల ప్రజలు ఓటు వేస్తున్నారు. నవ్వు పుట్టించే ఈ ఎన్నిక ద్వారా కొవ్వు కూడబెట్టుకోవడం ఎలుగుబంటికి ఎంత అవసరమో లక్షలమందికి తెలిసింది. చూడాలన్న కోరిక ఉన్నవారంతా ఆ ఒడ్డుకు చేరనక్కరలేదు. చేరే కొద్దిమందిని ధనం ఎంచడం కంటే చీటీ ఎంచడం ధర్మం. దారి ఖర్చు భరించలేనివారికి ఆ చీటీ అక్కరకు రాదన్నది మాత్రం నిజమే.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. మనిషిని చూచి బెదరకపోవడం ఎలుగుబంటికి నేర్పిన తరువాత, ఆ పాఠానికి పూచీ ఎవరిది? అభయారణ్యపు సరిహద్దు ఎలుగుబంటికి తెలియదు. 2005లో అలాస్కా వేట మండలి మెక్‌నీల్ చుట్టుపక్కల భూములలో ఎలుగుబంట్ల వేటకు దారి తెరిచే నిర్ణయం తీసుకుంది. నిరసనలు వెల్లువెత్తగా 2007లో దానిని ఉపసంహరించుకుంది. వేటను సమర్థించేవారి వాదనలో న్యాయం లేకపోలేదు. అలాస్కాలో గోధుమరంగు ఎలుగుబంట్లు వేల సంఖ్యలో ఉన్నాయి. పరిమితమైన వేట వల్ల జాతి నశించదు. కాని ఇక్కడి ప్రశ్న జాతి సంఖ్యది కాదు, మాట నిలుపుకోవడానిది. వేసవిలో పది అడుగుల దూరాన కూర్చుని 'మేము హాని చేయము' అని దశాబ్దాలపాటు నమ్మించి, సరిహద్దు దాటిన మరుక్షణం తుపాకి ఎక్కుపెట్టడం వేట అనిపించుకోదు. దానికి తెలుగులో నమ్మించి గొంతు కోయడమని పేరు. నిర్భయంగా నిలబడిన జంతువును కొట్టడంలో వేటగాని నేర్పు సైతం ఉండదు.

కనుక యాత్రలు నడిపేవారు గాని, వాటిలో పాల్గొనేవారు గాని చూచి రావడంతో తమ పని తీరిందనుకోవడానికి వీలు లేదు. ఎలుగుబంటి తిరిగే మేరకంతటికీ రక్షణ అడగవలసిన బాధ్యత వారిదే. బ్రిస్టల్ అఖాత పరీవాహకంలో తలపెట్టిన పెబుల్ రాగి, బంగారు గనికి ఓడరేవును మెక్‌నీల్‌కు చేరువ తీరాన కట్టాలన్న యోచన ఒకప్పుడు సాగింది. 2023 జనవరిలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ గనికి అడ్డుకట్ట వేసింది. ఆ గనిని వ్యతిరేకించినవారిలో చేపలు పట్టేవారితోపాటు, ఎలుగుబంట్లను చూపి జీవించే మార్గదర్శులు కూడ ఉన్నారు. వారికి అందులో జీవనోపాధి స్వార్థం ఉన్నదనడం నిజమే. అడవి పక్షాన నిలబడే స్వార్థం దొరకడమే అరుదు.

వేట సంగతి మాత్రం పూర్తిగా తేలలేదు. కత్మాయ్‌కు ఉత్తరాన దానిని ఆనుకొని ఉన్న రక్షిత ప్రాంతంలో చట్టం వేటకు చోటు ఇస్తున్నది. అలాస్కా ద్వీపకల్పంలో చాలా ఏళ్ళుగా బేసి సంవత్సరాల శరత్తులో, సరి సంవత్సరాల వసంతంలో వేటకాలం నడుస్తున్నది. మెక్‌నీల్‌లో అనుమతుల గడువు ఆగస్టు 25తో ముగుస్తుంది. చేపలు తగ్గిపోగానే ఎలుగుబంట్లు కాయల కోసం, ఇతర నదుల కోసం ఎవరి దారిన అవి వెళ్ళిపోతాయి. అక్టోబరు నాటికి అవి ఏ గీతకు ఏ వైపున ఉన్నాయో చెప్పడానికి వాటి వెంట మార్గదర్శి ఉండడు.