వీధులకు డోక్రా శోభ: పోత పోసే చేతులకూ పని దక్కాలి

జైనూర్ (కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా) – ప్రత్యేక వ్యాసం

వీధి దీపపు స్తంభాలు, బస్సు షెల్టర్లు, కూడలి నామఫలకాలు, మ్యాన్‌హోల్ మూతలపై స్థానిక వృత్తులను, ప్రకృతిని ప్రతిబింబించే విధానం పలుచోట్ల ఆదరణ పొందినది. జపాన్ పట్టణాలు తమ ప్రాంతపు పుష్పాలను, కట్టడాలను మ్యాన్‌హోల్ మూతలపై పోత పోయిస్తున్నాయి. చండీగఢ్‌లో నగర పటాన్నే మూతలపై పోత పోయగా, అవి అనంతర కాలంలో విదేశీ వేలంపాటల వరకు వెళ్ళాయి. హైదరాబాద్‌లో 2016లో మక్తా బస్తీ గోడలు కుడ్యచిత్రాలకు వేదికయ్యాయి.

ఇటువంటి ఆలోచనకు జైనూర్ ప్రాంతంలో ముడిసరుకు సిద్ధంగా ఉన్నది. మండలంలోని ఉషేగాం గ్రామం ఓజా కళాకారుల డోక్రా ఇత్తడి పోతపనికి ప్రసిద్ధి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కీర్తిశేషులు కనకరాజు ఇదే మండలంలోని మార్లవాయి వాసి. నర్తకుల నెమలి ఈకల టోపీలు, టేకు అడవులు, 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యం – ఇవన్నీ పోతకు అనువైన ఇతివృత్తాలే.

అయితే అసలు సమస్య నమూనాల ఎంపికలో కాదు, పని అప్పగింతలో ఉన్నది. డోక్రా విధానంలో మట్టి అచ్చుపై మైనపు తీగలతో రూపం దిద్ది, పైన మరల మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. వస్తువును వెలికితీయడానికి అచ్చును పగులగొట్టక తప్పదు. ఒక అచ్చుకు ఒక్కటే వస్తువు. కనుక అతి తక్కువ ధర కోరినవారికే పని దక్కే టెండరులో కళాకారుడు కర్మాగారంతో పోటీపడలేడు. ఫైబరుతోనో, పోత ఇనుముతోనో చేసిన అనుకరణలు స్తంభాలకెక్కితే ఊరికి శోభ కలుగుతుందే గాని ఉషేగాం కొలిమికి పని దొరకదు.

భౌగోళిక గుర్తింపు చట్టం, 1999 ఈ లోటును పూర్తిగా తీర్చజాలదు. అది ప్రధానంగా పేరుకు రక్షణ కల్పిస్తుంది. ఆ పేరు వాడకుండా రూపాన్ని మాత్రమే అనుకరించేవారిని ఆపడం కష్టం.

అందువలన అధికారులు మూడు అంశాలను పరిగణించవలసి ఉన్నది. మొదటిది, స్తంభాన్ని, షెల్టరును సాధారణ టెండరులో ఉంచి, వాటిపై అమర్చే చిన్న ఇత్తడి ఫలకాలను వేరుచేసి నమోదైన కళాకారులకే అప్పగించడం. రెండవది, ఇత్తడికి తుక్కు ధర ఉన్నందున ఫలకాలను చేతికందని ఎత్తులో బిగించడం. మూడవది, పూజకు ఉద్దేశించిన రూపాలను వీధిలో నిలిపే ముందు గ్రామసభ అభిప్రాయం తీసుకోవడం. షెడ్యూల్డు ప్రాంతాలలో సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకు ఉన్నదని పెసా చట్టం, 1996 స్పష్టం చేస్తున్నది.

ఫలకంపై నెమలితో పాటు దానిని పోసిన గ్రామం పేరు కూడా ఉన్నపుడే ఇటువంటి వ్యయం సార్థకమవుతుంది.