మిద్దె మీది నాచు, పెట్రోలు యంత్రం

కోసపాళయంలో కాపురముంటున్న మాకు ఏటా ఒకటే బెడద. అక్టోబరు నుండి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య ఋతుపవనాల వాన వెలిసేసరికి మిద్దె నిండా నాచు పట్టి, బట్టలు ఆరవేయ వెళ్లే ఇల్లాండ్రకూ, వయసు మళ్లిన వారికీ అడుగు వేయడమే గండమవుతుంది. యానాం నుండి వచ్చిన మనవారు డాబా అన్నా, ఇరుగుపొరుగు తమిళులు మొట్టై మాడి అన్నా జారుడు మాత్రం ఒక్కటే. అందుచేత, ఒత్తిడితో నీటిని చిమ్మి కడిగే పెట్రోలు యంత్రాన్ని ఇంటికి కొనవచ్చునా అని పాఠక మిత్రులు కొందరు అడుగుతున్నారు. మేము రెండేళ్లుగా వాడుతున్నాము గనుక తెలిసినంత మనవి చేస్తాము.

చిన్న ఇంజను పంపును తిప్పుతుంది. పంపు కొళాయి నీటిని సన్నని నాజిల్ గుండా వెళ్లగొడుతుంది. విద్యుత్తుతో నడిచే ఇంటి యంత్రాలలో ఒత్తిడి సాధారణంగా 100 నుండి 130 బార్లు. పెట్రోలు రకాలు చాలావరకు 170 నుండి 200 దాకా పోతాయి. స్కూటరు టైరులోని గాలి 2 బార్లకు అటూ ఇటూ అని తలచుకుంటే దీని బలం బోధపడుతుంది. నాజిళ్లకు రంగుల గుర్తులుంటాయి: ఎరుపు సూటి ధార, పసుపు 15 డిగ్రీలు, ఆకుపచ్చ 25, తెలుపు 40, నలుపు సబ్బునీటికి. ఎర్రదానిని మేము బీరువాలో పెట్టి తాళం వేశాము. సిమెంటు మిద్దెకు ఆకుపచ్చ, మోటారు సైకిలుకు తెలుపు చాలును.

అయితే పుదుచ్చేరి పాత ఇళ్ల సంగతి వేరు. కొయ్య దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన మద్రాసు మిద్దెలవి. ఈ ధార ఆ సున్నాన్ని తవ్విపోస్తుంది. మా వీధిలో ఒక పాత ఇంటివారు అద్దె యంత్రం తెచ్చి ఉత్సాహంగా కడిగించారు. మిద్దె అద్దంలా మెరిసింది. మరుసటి వానకు నడిమింట బిందెలు పెట్టుకున్నారు. అటువంటి కప్పుకు బ్లీచింగ్ పౌడరు నీళ్లూ, కొబ్బరి చీపురూ తప్ప మరేదీ పనికిరాదు.

ముఖ్యంగా చెప్పవలసినది పొగ గురించి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో కొందరు ఇంజనును నడవలోనే ఉంచి నడుపుతారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు తెరిచి ఉన్నా ప్రాణం తీయగలదు. ఇంజను ఆరుబయట, కిటికీలకు దూరంగా ఉండి తీరాలి. ఇక ధార చర్మానికి తగిలితే సూదిమొన అంత గాయమే పైకి కనబడవచ్చు, లోపల కండ చెడుతుంది. పసుపు అద్ది ఊరుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడి నీరు తగిలిందని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. పిల్లల చేతికి తుపాకీలా కనబడే వస్తువిది, ఆటకు ఇవ్వరాదు. ఇంజను చల్లారకుండా పెట్రోలు పోయరాదు.

నిమిషానికి 9 లీటర్ల యంత్రం గంట నడిస్తే 540 లీటర్లు ఖర్చు. వెయ్యి లీటర్ల ట్యాంకు గల ఇంటికి ఇది చిన్న లెక్క కాదు. నీరు మధ్యలో ఆగితే పంపు సీళ్లు పాడవుతాయి కనుక ముందుగా ట్యాంకు చూసుకోవాలి. నేటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నందున అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి వాడనప్పుడు టాంకీ ఖాళీ చేయకపోతే కార్బురేటరు మూసుకుపోతుంది. సముద్రపు గాలికి తుప్పు సరేసరి.

మిద్దె మీద ప్లగ్గు గలవారికి, సరైన ఎర్తింగూ షాకు నిరోధక స్విచ్చీ ఉంటే, విద్యుత్ యంత్రమే మేలని మా అభిప్రాయం. మాకు ఆ సౌకర్యం లేక మూడిళ్లవారం కలిసి పెట్రోలు రకం కొన్నాము. ఆదివారం ఉదయం తొమ్మిది తర్వాతనే నడపాలని ఒప్పందం. ఎవరి వంతు ఎప్పుడో, నూనె ఎప్పుడు మార్చామో వ్రాసిన నోటుపుస్తకం యంత్రంతోపాటే ఇల్లు మారుతుంటుంది.